సీసపు పలకలతో ప్లాంటే ఘటం: ఒక ప్రయోగశాల ప్రాజెక్టు డైరీ

జూన్ మూడవ వారం: ఏం చేయబోతున్నాం

ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరపు విద్యుత్ రసాయన శాస్త్రంలో లెడ్ స్టోరేజి బ్యాటరీ సమీకరణం వస్తుంది. ధన ఫలకం మీద లెడ్ డయాక్సైడ్, ఋణ ఫలకం మీద గుల్లగా ఉండే సీసం, మధ్యలో సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం. విద్యుత్తు తీసుకున్నకొద్దీ రెండు ఫలకాల పైపొరలూ లెడ్ సల్ఫేటుగా మారతాయి, ఆమ్లం పలచబడుతుంది. విద్యార్థులు ఈ సమీకరణాన్ని తప్పు లేకుండా రాసి మార్కులు తెచ్చుకుంటారు. అయితే తమ ఇంటి బాల్కనీలో ఇన్వర్టరు పక్కన ఉన్న బరువైన పెట్టెలో జరుగుతున్నది ఇదేనన్న సంగతి చాలామందికి తట్టదు. ఆ పెట్టెను విప్పి చూపించడం కుదరదు, విప్పకూడదు కూడా. అందువల్ల పైకి కనిపించే ఘటాన్ని, అంటే బ్యాటరీలోని ఒక సెల్‌ను, మా కళాశాల ప్రయోగశాలలోనే తయారు చేయాలని నేనూ, ఆసక్తి చూపిన కొందరు విద్యార్థులూ నిర్ణయించుకున్నాం.

ఎంచుకున్న నమూనా పాతది. 1859లో ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకుల మధ్య గుడ్డ పెట్టి, చాపలా చుట్టి, పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచి, విద్యుత్తును పంపి మళ్లీ తిరిగి తీసుకున్నాడు. తిరిగి నింపుకోగల బ్యాటరీలకు అదే మొదలు. రెండు రేకులూ ఒకే లోహం కావడం ఈ నమూనాలో నన్ను ఎక్కువగా ఆకర్షించిన విషయం. తేడా అంతా విద్యుత్తు పంపిన తరువాతే పుడుతుంది కనుక, ఆ తేడా ఎలా పుడుతుందో విద్యార్థి కళ్లతో చూడవచ్చు.

ఘటం ఒక్కటే చేసి వదిలేయకుండా సీసం గుణాలను వరుసగా కొలిచి, పరీక్షించి, ఈ లోహాన్ని మనిషి ఇంతగా ఎందుకు వాడుకున్నాడో, ఇంతగా ఎందుకు భయపడవలసి వచ్చిందో కూడా ఇదే పనిలో తేల్చుకోవాలన్నది ఉద్దేశం. నా నమ్మకం ప్రకారం ఈ రెండింటికీ కారణాలు వేరువేరు కావు.

పని మొదలుపెట్టకముందే కొన్ని నియమాలు గోడ మీద అతికించాం. సీసాన్ని కరిగించరాదు. పొడిగా ఉన్న రేకును గరుకు కాగితంతో రుద్దరాదు, రుద్దవలసి వస్తే నీటిలో ముంచే రుద్దాలి. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. ప్రయోగశాలలో ఏమీ తినరాదు, బయటికి వెళ్లే ముందు సబ్బుతో చేతులు కడగాలి. గట్టి లోహంగా ఉన్న సీసం చర్మం గుండా ఒంట్లోకి వెళ్లడం బహు తక్కువ. నోటి గుండా, ఊపిరి గుండా వెళ్లే ధూళీ, పొగా, కరిగిన లవణాలే అసలు ప్రమాదం. ఈ ఒక్క భేదం అర్థమైతే నియమాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయని మొదటి రోజే చెప్పాను.

జూన్ చివరి వారం: రేకు కొనుగోలు

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో లోహపు రేకులు అమ్మే దుకాణాలున్నాయి. ఎక్స్‌రే గదుల తలుపులకు, గోడలకు వేసే సీసపు షీటును అక్కడ తూకం వేసి అమ్ముతారు. పలుచని షీటులో చిన్న ముక్క కావాలని అడిగితే, దుకాణంలోని పెద్దాయన ఆ ముక్కతో పాటు పాత బ్యాటరీ టెర్మినల్ ముక్క కూడా తెచ్చి పక్కన పెట్టాడు. "గోరుతోని గీకి చూడుండ్రి మేడమ్. షీటు మీద గీత పడ్తది. బ్యాటరీ మాలు మీద పడది, గది గట్టిగుంటది" అన్నాడు. ఆ మాట అక్షరాలా నిజం. శుద్ధ సీసం కాఠిన్యం మోస్ కొలమానంలో 1.5 మాత్రమే, గోరు దానికంటే గట్టిది. బ్యాటరీల జాలీలకు, టెర్మినళ్లకు సీసంలో కొంత ఆంటిమొనీ కలుపుతారు కనుక అవి గట్టిపడతాయి. రెండు ముక్కలూ కొన్నాను.

రేకు కత్తెరతో షీటును కత్తిరిస్తే అంచు వెండిలా తళతళలాడింది. కొంతసేపటికి ఆ మెరుపు మందగించి నీలి బూడిద రంగులోకి దిగింది. గాలిలోని ఆక్సిజన్, తేమ, కార్బన్ డయాక్సైడ్ కలిసి కట్టే పలుచని పొర అది. ఇనుము తుప్పు పెళుసుగా రాలిపోతూ లోపలి లోహాన్ని మళ్లీ గాలికి అప్పగిస్తుంది. సీసం మీది పొర అంటిపెట్టుకుని ఉండి లోపలి లోహాన్ని కాపాడుతుంది. రోమనులు నీటి గొట్టాలకూ, ఐరోపావారు చర్చీల పైకప్పులకూ సీసాన్ని వాడింది ఈ ఓర్పు వల్లనే. మన ఊళ్లలోనూ పాత పోత ఇనుప నీటి గొట్టాల జాయింట్లలో జనపనార కూరి, పైన కరిగిన సీసం పోసి దట్టించేవారు. నేల కదిలినా మెత్తని సీసం పగలకుండా సర్దుకుంటుంది.

జూలై మొదటి వారం: బరువు, సాంద్రత, కొన్ని గుణాలు

మొదటి కొలత సాంద్రత. ముక్కను గాలిలో తూచి, దారంతో నీటిలో వేలాడదీసి మళ్లీ తూచాం. షీటు ముక్క గాలిలో 170.1 గ్రాములు తూగింది, నీటిలో 15 గ్రాములు తగ్గింది. అంటే సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు, పుస్తకంలో ఉన్న విలువే. టెర్మినల్ ముక్కకు మాత్రం దాదాపు 11.0 వచ్చింది. ఆంటిమొనీ సాంద్రత 6.7 మాత్రమే కనుక, నాలుగైదు శాతం కలిసినా ఇంత తేడా రావాలి. గోరు చెప్పిన సంగతినే తక్కెడ కూడా చెప్పినందుకు విద్యార్థులు ఎంతో సంతోషించారు.

సీసం అన్నిటికంటే బరువైన లోహమని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. పాదరసం 13.5, బంగారం 19.3, ఆస్మియం 22.6. అయితే ఇంత బరువుగా ఉండి, ఇంత చవకగా దొరికి, 327.5 డిగ్రీల సెల్సియస్‌కే కరిగి, సుత్తితో ఎటు కొడితే అటు సాగే లోహం మరొకటి లేదు. దీని పరమాణు సంఖ్య 82, పరమాణు భారం 207.2, ఆవర్తన పట్టికలో కార్బన్, సిలికాన్, జెర్మేనియం, తగరం ఉన్న 14వ గ్రూపులో కింది వరుస. ప్రకృతిలో ఎక్కువగా గెలీనా అనే సల్ఫైడు ఖనిజంగా దొరుకుతుంది, అందులో బరువు ప్రకారం 86.6 శాతం సీసమే. మన దేశంలో రాజస్థాన్‌లోని రాంపురా ఆగుచా, జావర్ గనులు ప్రసిద్ధమైనవి. తెలుగు నేల మీద పల్నాడులోని అగ్నిగుండాల దగ్గర కూడా సీసపు గని నడిచింది.

షీటును ఎక్స్‌రే గదులకు ఎందుకు వాడతారన్న ప్రశ్న ఇక్కడే వచ్చింది. తక్కువ శక్తి గల ఎక్స్‌కిరణాలను పరమాణువులు పీల్చుకునే సామర్థ్యం పరమాణు సంఖ్యతో పాటు మామూలు నిష్పత్తిలో కాక చాలా వేగంగా, రమారమి నాలుగో ఘాతం చొప్పున పెరుగుతుంది. అందుకే రేడియోగ్రాఫర్ వేసుకునే ఏప్రన్‌లో అర మిల్లీమీటరు సీసానికి సమానమైన పొర సరిపోతుంది. గామా కిరణాలకు ఇంకా మందం కావాలి. సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం వెలువరించే కిరణాలను సగానికి తగ్గించాలంటే సుమారు ఆరు మిల్లీమీటర్ల సీసం అవసరం.

జూలై రెండవ వారం: గాజు సీసాలలో సీసం

ఘటం కట్టే ముందు ఒక పక్కపని పెట్టుకున్నాం. సీసం ఏ ద్రవంలో ఓర్చుకుంటుంది, ఏ ద్రవంలో కరుగుతుంది అన్నది తేల్చకపోతే, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పెట్టి బ్యాటరీ ఎలా చేయగలుగుతున్నామో అర్థం కాదు. తూచిన చిన్న ముక్కలను స్వేదన జలంలో, కుళాయి నీటిలో, వెనిగర్‌లో, చింతపండు రసంలో, పది శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేసి, మూతులకు గుడ్డ కట్టి ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లో వదిలాం.

సల్ఫ్యూరిక్ ఆమ్లంలోని ముక్క మీద పలుచని తెల్ల పొర ఏర్పడి అక్కడితో ఆగింది. లెడ్ సల్ఫేటు నీటిలో దాదాపు కరగదు కనుక, మొదటి పొర ఏర్పడగానే ఆమ్లానికి లోపలి లోహం అందకుండా పోతుంది. 1746లో బర్మింగ్‌హామ్‌లో జాన్ రోబక్ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని గాజు పాత్రలకు బదులు సీసపు గదుల్లో తయారు చేయడం మొదలుపెట్టింది ఈ గుణాన్ని నమ్ముకునే. బ్యాటరీ నిలబడేదీ ఇదే గుణం మీద.

స్వేదన జలం ఫలితం విద్యార్థులను ఆశ్చర్యపరిచింది. అన్నిటికంటే శుభ్రమైన నీరు కనుక ఏమీ జరగదని వారు రాసుకున్నారు. కాని కొద్ది రోజులకే అడుగున పట్టులాంటి తెల్లని పొలుసులు పేరుకున్నాయి. గాలి కలిసిన మృదు జలం సీసాన్ని కరిగించి, క్షార లెడ్ కార్బొనేటుగా విడుస్తుంది. కుళాయి నీటిలో లవణాలు ఉండడం వల్ల లోహం మీద అంటుకునే పొర కట్టింది తప్ప పొలుసులు రాలలేదు. 2014లో అమెరికాలోని ఫ్లింట్ నగరంలో జరిగిన విషాదానికి మూలం ఇక్కడే ఉంది. నీటి వనరు మార్చి, పొరను నిలిపి ఉంచే ఫాస్ఫేటును కలపకపోవడంతో, పాత సీసపు గొట్టాల మీది రక్షణ పొర ఊడి ఆ లోహం తాగునీటిలోకి చేరింది.

వెనిగర్‌లోని ముక్క మెరుస్తూ, గుంటలు పడి, బరువు తగ్గి కనిపించింది. ఆ ద్రవంలో పొటాషియం క్రోమేటు చుక్కలు వేయగానే చిక్కని పసుపు అవక్షేపం దిగింది. ఏర్పడిన లెడ్ అసిటేటు తియ్యగా ఉంటుంది. ఆ తీపి కోసమే రోమనులు ద్రాక్షరసాన్ని సీసపు పాత్రలలో మరిగించి, ఆ పాకాన్ని మద్యంలోనూ వంటల్లోనూ కలిపేవారు. విషం చేదుగా ఉండి హెచ్చరించాలన్న నియమం ప్రకృతిలో లేదు.

చింతపండు రసం దగ్గర ఎక్కువసేపు ఆగవలసి వచ్చింది. రసం ముదురు గోధుమ రంగులో ఉన్నందువల్ల అవక్షేపం రంగు తెలియదు. రసాన్ని ఆవిరి చేసి, మిగిలినదాన్ని మూసలో కాల్చి బూడిద చేసి, ఆ బూడిదను సజల నైట్రిక్ ఆమ్లంలో కరిగించి వడకట్టి, పొటాషియం అయొడైడు వేస్తే పసుపు రంగు వచ్చింది. వేడి చేస్తే కరిగి, చల్లారుతుంటే బంగారు రేకులుగా మెరుస్తూ దిగింది. సాల్ట్ అనాలిసిస్‌లో సీసానికి ఇంటర్ విద్యార్థులంతా చేసే పరీక్ష ఇదే, కాకపోతే ఈసారి పరీక్షకు వచ్చింది వంటింటి రసం. అప్పుడు ఒక అమ్మాయి అడిగింది: "మేడమ్, మా నాయనమ్మ ఇత్తడి గిన్నెకు కళాయి పోయించి దాంట్లనే పులుసు పెడ్తది. కళాయిల సీసం ఉంటదా?"

ఆ ప్రశ్నకు ఆ రోజే జవాబు చెప్పకుండా గిన్నెను తెమ్మన్నాను. కళాయి అంటే తగరం. గిన్నెను వేడి చేసి నవసాగరం చల్లి, తగరాన్ని అద్ది, దూది ఉండతో లోపలంతా పులుముతారు. శుద్ధ తగరం 232 డిగ్రీల వద్ద కరుగుతుంది. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం కలిపితే 183 డిగ్రీలకే కరిగి సులువుగా పరుచుకుంటుంది, సీసం తగరం కంటే ఎన్నో రెట్లు చవక కూడా. కల్తీకి కావలసిన కారణాలన్నీ ఇందులోనే ఉన్నాయి. సోడియం రోడిజోనేట్ ద్రావణంలో తడిపిన దూదిని ఆమ్లపు తడి తగిలించిన చోట రుద్దితే, సీసం ఉన్నప్పుడు గులాబీ లేదా ఎర్ర రంగు తేలుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న సోల్డర్ తీగ మీద దూది వెంటనే ఎర్రబడింది. నాయనమ్మ గిన్నె మీద రంగు మారలేదు. ఆ గిన్నెకు కళాయి పోసిన మనిషి నిజాయితీగా తగరమే వాడాడన్నమాట. పులుసు, పచ్చడి వంటి పులుపు పదార్థాలు ఉంచే ఏ పాత్రకైనా ఈ పరీక్ష చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం.

జూలై మూడవ వారం: ఘటం కట్టడం

షీటు నుంచి నాలుగు సెంటీమీటర్ల వెడల్పు, పన్నెండు సెంటీమీటర్ల పొడవు గల రెండు పలకలు కత్తిరించి, నీటిలో ముంచి స్టీలు పీచుతో తోమాం. తోమిన నీటిని సింకులో పారబోయలేదు, దాని కోసం మూత గల ప్లాస్టిక్ డబ్బా వేరుగా పెట్టాం. పలకలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ప్లాస్టిక్ జాలీ పెట్టి, గాజు బీకరులో నిలబెట్టాం. ఆమ్లం తయారీలో నీటిలోకి ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోస్తూ కలిపామే తప్ప ఆమ్లంలోకి నీళ్లు పోయలేదు. చల్లారిన తరువాత హైడ్రోమీటరులో విశిష్ట గురుత్వం (నీటితో పోల్చిన సాంద్రత) 1.15 ఉండేలా సరిచేశాం.

మొదటి అడ్డంకి క్లిప్పుల దగ్గర వచ్చింది. పలకల పై అంచున పెట్టిన రాగి క్లిప్పులకు ఆమ్లపు తడి పాకి నీలి ఆకుపచ్చ లవణం పట్టింది. ఇన్వర్టరు బ్యాటరీ టెర్మినళ్ల మీద కనిపించేది కూడా ఇలాంటిదే. పలకకు పైన సన్నని తోకలా సీసాన్నే పొడవుగా వదిలి, ద్రవానికి దూరంగా క్లిప్పు పెట్టి, తోక మీద వ్యాసలీన్ రాయడంతో ఆ ఇబ్బంది తీరింది.

భౌతిక శాస్త్ర ప్రయోగశాల నుంచి తెచ్చిన పవర్ సప్లై, ప్రవాహాన్ని తగ్గించి పెంచే రియోస్టాట్‌తో విద్యుత్తు పంపాం. కొంతసేపటికే ధన పలక మీద గోధుమ ఛాయ పాకింది. అది ముదిరి చాక్లెట్ రంగయింది. లెడ్ డయాక్సైడ్ కంటికి కనిపించడం అంటే ఇదే. ఋణ పలక మాత్రం మబ్బు బూడిద రంగులోనే ఉండిపోయింది. వోల్టేజి 2.4 దాటాక రెండు పలకల నుంచీ బుడగలు లేచాయి. అవి హైడ్రోజన్, ఆక్సిజన్ కనుక కిటికీలు తెరిచి, దగ్గరలో బర్నర్లు ఆర్పేశాం. విద్యుత్తు ఆపి మల్టీమీటరు పెడితే మొదట ఎక్కువ చూపించి, దిగి, రెండు వోల్టులకు కొద్దిగా పైన నిలిచింది. ఎర్ర ఎల్‌ఈడీ వెలిగింది.

వెలగడం వెలిగింది గాని కొద్ది నిమిషాలకే మసకబారింది. ప్లాంటే ఎదుర్కొన్న చిక్కు కూడా ఇదే. నునుపైన రేకులో పైపొర ఒక్కటే పని చేస్తుంది. దాన్ని ఎక్కువ చేయడానికి నింపడం, ఖాళీ చేయడం, అప్పుడప్పుడు ధ్రువాలు మార్చడం అనే దీర్ఘమైన పని చేయాలి. దీన్ని ఫార్మింగ్ అంటారు. ప్రతి చక్రంలో లోహపు ఉపరితలం కొద్దికొద్దిగా గుల్లబారి, లోపలి పొరలు కూడా రంగంలోకి వస్తాయి.

జూలై చివర: లెక్కలు

ఫార్మింగ్ సాగినకొద్దీ ఎల్‌ఈడీ వెలిగే సమయం పెరుగుతూ వచ్చి, ఇప్పుడు దాదాపు ఐదు మిల్లీఆంపియర్ల ప్రవాహంతో గంటసేపు నిలుస్తోంది. ఈ సంఖ్యను, ఎంత విద్యుత్తుకు ఎంత పదార్థం మారాలో చెప్పే ఫారడే నియమంతో పోల్చి చూడమని విద్యార్థులకు ఇచ్చాను.

ఒక ఆంపియర్-అవర్ (ఒక ఆంపియర్ ప్రవాహం గంటసేపు) విద్యుత్తుకు 4.46 గ్రాముల లెడ్ డయాక్సైడ్, 3.87 గ్రాముల సీసం, 3.66 గ్రాముల సల్ఫ్యూరిక్ ఆమ్లం ఖర్చు కావాలి. మన ఘటం ఇచ్చింది ఐదు మిల్లీఆంపియర్-అవర్లు, అంటే కేవలం 22 మిల్లీగ్రాముల లెడ్ డయాక్సైడ్. ద్రవంలో మునిగిన పలక రెండు వైపులా కలిపి 72 చదరపు సెంటీమీటర్లు ఉంది కనుక, పొర సమానంగా ఉందనుకుంటే దాని మందం మైక్రోమీటరులో మూడో వంతు. పలక మందంతో పోలిస్తే ఇది ఏ మూలకూ రాదు. 1881లో కామిల్ ఫోర్ సీసపు ఆక్సైడ్లను ఆమ్లంతో ముద్దగా కలిపి జాలీల్లో పట్టించడం ఎందుకు పెద్ద మలుపయిందో ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది. ముద్ద గుల్లగా ఉండి ఆమ్లాన్ని లోపలి దాకా రానిస్తుంది.

ఇంటి ఇన్వర్టరుకు వాడే 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో రెండేసి వోల్టుల ఘటాలు ఆరు ఉంటాయి. లెక్క ప్రకారం వాటన్నిటికీ నాలుగు కిలోల లెడ్ డయాక్సైడ్, మూడున్నర కిలోల సీసం చాలాలి. అసలు బ్యాటరీ మాత్రం ఆమ్లంతో కలిపి యాభై కిలోల పైమాటే. జాలీలు, వేరుచేసే పలకలు, నీరు, పెట్టె బరువు కాక, పదార్థంలో అంతా పనికి రాదు కూడా. సిద్ధాంతం ప్రకారం కిలోకు సుమారు 170 వాట్-అవర్లు రావలసిన చోట ముప్ఫై నుంచి నలభై వరకే వస్తుంది. ఇంత బరువును భరిస్తూ కూడా లోకం ఈ బ్యాటరీని వదలకపోవడానికి దాని చవకదనం, ఒక్కసారిగా పెద్ద ప్రవాహం ఇవ్వగల శక్తి, మళ్లీ కరిగించి వాడుకోగల సౌలభ్యం కారణాలు. ప్రపంచంలో వాడే సీసంలో ఎనభై శాతానికి పైగా బ్యాటరీలకే పోతోంది.

ఈ రెండు వోల్టులు ఎక్కడి నుంచి వచ్చాయన్నది నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న. 14వ గ్రూపులో పైన ఉన్న కార్బన్, సిలికాన్‌లకు +4 ఆక్సీకరణ స్థితి, అంటే నాలుగు బాహ్య ఎలక్ట్రాన్లూ బంధాల్లో పాల్గొనే స్థితి, సహజం. కిందికి దిగేకొద్దీ బాహ్య ఎస్ ఆర్బిటాల్‌లోని ఎలక్ట్రాన్ జంట బంధాల్లో పాల్గొనడానికి ఇష్టపడదు, సీసానికి +2 స్థితే హాయి. తరగతిలో జడ జంట ప్రభావం అని చెప్పేది ఇదే. సీసాన్ని బలవంతంగా +4 స్థితికి నెట్టి లెడ్ డయాక్సైడ్‌గా నిలబెడితే, అది ఎప్పుడు అవకాశం దొరికితే అప్పుడు రెండు ఎలక్ట్రాన్లను లాక్కుని +2కు దిగాలని చూస్తుంది. మన ఎల్‌ఈడీని వెలిగించినది ఆ ఆత్రమే. ఎలక్ట్రాన్ జంట అలా ముడుచుకోవడానికి మూలం ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతంలో ఉంది. 82 ప్రోటాన్ల కేంద్రకం పక్కన తిరిగే అతి లోపలి ఎలక్ట్రాన్ల వేగం కాంతి వేగంలో దాదాపు 60 శాతం ఉంటుంది. దాని ప్రభావం బయటి ఎస్ ఎలక్ట్రాన్ల దాకా పాకి వాటిని కేంద్రకానికి దగ్గరగా లాగుతుంది. 2011లో స్వీడన్, ఫిన్లాండ్ శాస్త్రజ్ఞులు లెక్కగట్టి, ఘటం ఇచ్చే 2.1 వోల్టులలో 1.7 నుంచి 1.8 వోల్టుల దాకా ఈ సాపేక్ష ప్రభావం వల్లనే వస్తున్నదని చూపించారు. తగరంతో ఇలాంటి బ్యాటరీ ఎందుకు రాదన్న ప్రశ్నకు కూడా ఇందులోనే జవాబు దొరుకుతుంది.

ఆగస్టు మొదటి వారం: బోనాల సెలవుల తరువాత

బోనాల సెలవుల్లో ఘటాన్ని ఖాళీ చేసిన స్థితిలోనే ఆమ్లంలో ఉంచాం. ఏమవుతుందో చూడడానికి కావాలనే అలా వదిలాం. తిరిగి వచ్చేసరికి రెండు పలకల మీదా తెల్లని గరుకు పొర కనిపించింది. విద్యుత్తు పంపితే ప్రవాహం మొదట సరిగా ఎక్కలేదు. తాజాగా ఏర్పడిన లెడ్ సల్ఫేటు చాలా సన్నని స్ఫటికాలుగా ఉండి, నింపగానే తిరిగి మారిపోతుంది. ఎక్కువ కాలం వదిలేస్తే సన్నని స్ఫటికాలు కరిగి పెద్దవాటి మీద చేరి, గట్టి పెచ్చుగా మారతాయి. మెకానిక్కులు సల్ఫేషన్ అనేది దీనినే. మెల్లగా, తక్కువ ప్రవాహంతో నింపితే కొంత కోలుకుంది గాని మునుపటి సామర్థ్యం ఇంకా రాలేదు.

ఇంటి బ్యాటరీ విషయంలో పాటించవలసిన జాగ్రత్తలన్నీ ఈ పెచ్చులోనే ఉన్నాయి. కరెంటు పోయినప్పుడు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడి అలాగే వదిలి ఊరెళ్లరాదు. నీటి మట్టం తగ్గితే స్వేదన జలమే పోయాలి, కుళాయి నీరు గాని ఆమ్లం గాని పోయరాదు. హైడ్రోమీటరు నిండు బ్యాటరీలో సుమారు 1.26 నుంచి 1.28, ఖాళీ బ్యాటరీలో 1.10 నుంచి 1.15 వరకు చూపుతుంది. ఎండ తగిలే బాల్కనీలో బ్యాటరీని పెట్టకుండా నీడలో పెట్టడం వల్ల ఆయుష్షు పెరుగుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ముసలితనం రమారమి రెండింతల వేగంతో వస్తుందన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న అంచనా. హైదరాబాదు మే నెల ఎండను తలచుకుంటే ఇది చిన్న విషయం కాదు.

ఆగస్టు రెండవ వారం: సింధూరంలో అదే గోధుమ రంగు

పరీక్షించడానికి ఇళ్ల నుంచి తెచ్చిన వస్తువులలో హనుమంతుడి విగ్రహానికి నూనెతో కలిపి పూసే నారింజ రంగు సింధూరం పొట్లం ఒకటి ఉంది. సంప్రదాయంగా వాడే సింధూరం రెడ్ లెడ్ అనే సీసపు ఆక్సైడే. పసుపు, సున్నం కలయికతో చేసే కుంకుమ వేరు. ఈ రోజుల్లో సింధూరం పేరుతో వేరే రంగులు కూడా అమ్ముతున్నారు కనుక పొట్లంలో ఏముందో పరీక్షిస్తే తప్ప తెలియదు. పొడి ఎర్రగా ఉంటుంది కాబట్టి రోడిజోనేట్ దూది ఇక్కడ పనికిరాదు.

చిటికెడు పొడి మీద సజల నైట్రిక్ ఆమ్లం పోసి వెచ్చజేశాం. నారింజ రంగు మాయమై అడుగున చాక్లెట్ రంగు పొడి మిగిలింది. విద్యార్థులు ఆ పరీక్ష నాళికను బీకరులోని ధన పలక పక్కన పెట్టి చూసి, రెండింటి రంగూ ఒకటేనని చెప్పారు. నిజంగానే రెండూ ఒకటే పదార్థం. రెడ్ లెడ్‌లో ప్రతి మూడు సీసపు పరమాణువులలో రెండు +2 స్థితిలో, ఒకటి +4 స్థితిలో ఉంటాయి. నైట్రిక్ ఆమ్లం +2 వాటిని లెడ్ నైట్రేటుగా కరిగించుకుని పోతుంది, +4 మాత్రం లెడ్ డయాక్సైడ్‌గా మిగులుతుంది. వడకట్టిన ద్రవంలో పొటాషియం అయొడైడు వేస్తే పసుపు దిగింది. అంతకుముందు ఆక్సీకరణ స్థితులంటే పరీక్షల కోసం గుర్తుపెట్టుకునే అంకెలుగానే చూసిన పిల్లలు, ఆ రోజు వాటిని రంగులుగా చూశారు. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే సంతృప్తినిచ్చిన రోజు ఇది.

అయితే ఆ పొట్లం తెచ్చిన అబ్బాయికి నచ్చజెప్పవలసిన సంగతి మరొకటి ఉంది. విగ్రహానికి పూసిన సింధూరాన్ని వేలితో తీసి నుదుట పెట్టుకుని, అదే చేత్తో ప్రసాదం తింటే అది నోట్లోకి చేరుతుంది. భక్తికి అడ్డుపడకుండా చేయగలిగింది చేతులు కడుక్కోవడం, చిన్నపిల్లలకు దాన్ని అందనివ్వకపోవడం. వాళ్ల అమ్మతో చెప్తానన్నాడు.

ఆగస్టు మూడవ వారం: ధూళి సంగతి

విగ్రహాల రంగులు, కిటికీల పాత పెయింట్లు, ఆటబొమ్మలు: వీటిలో పసుపు, నారింజ రంగుల కోసం లెడ్ క్రోమేటు, రెడ్ లెడ్ ఎంతోకాలం వాడారు. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని మన దేశంలో 2016లో చేసిన నియమం 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన పెయింట్లు మాత్రం గోడల మీద ఉన్నాయి. పాత ఇంటికి రంగులు వేయించేటప్పుడు పొడిగా గీకించడం కంటే తడిపి గీకించడం మేలు. పీవీసీ గొట్టాలు వేడికి చెడకుండా కలిపే సీసపు స్టెబిలైజర్లను దశలవారీగా తీసివేయడానికి 2021లో నియమాలు వచ్చాయి.

అన్నిటికంటే పెద్ద ధూళి పెట్రోలు నుంచి వచ్చింది. 1921లో జనరల్ మోటార్స్‌లో పనిచేస్తున్న థామస్ మిడ్జ్‌లీ, ఇంజను కొట్టుకోకుండా టెట్రాఇథైల్ లెడ్ పనికివస్తుందని కనుగొన్నాడు. ఆ తరువాత దశాబ్దాల పాటు ప్రపంచంలోని రోడ్లన్నీ సీసాన్ని చిమ్మాయి. దాన్ని మొదట పట్టుకున్నది సీసం ఐసోటోపులతో (ఒకే మూలకంలో బరువు వేరుగా ఉండే పరమాణువులతో) భూమి వయస్సు కొలుస్తున్న క్లెయిర్ ప్యాటర్సన్. యురేనియం-238 చివరికి సీసం-206గా, యురేనియం-235 సీసం-207గా, థోరియం-232 సీసం-208గా నిలుస్తాయి. ఆ నిష్పత్తుల నుంచి ఆయన 1956లో భూమి వయస్సు 455 కోట్ల సంవత్సరాలని చెప్పాడు. కొలతలు పదేపదే చెడుతుంటే కారణం వెతికి, గాలిలో, నీటిలో, తన ప్రయోగశాల గోడల్లో మనిషి వెదజల్లిన సీసం ఉందని గ్రహించి, పెట్రోలు నుంచి సీసాన్ని తీసేయాలని చివరిదాకా పోరాడాడు. హబ్సిగూడలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ముందు నుంచి బస్సులో వెళ్లే మా విద్యార్థులకు, రాళ్ల వయస్సును ఐసోటోపులతో కొలిచే పని ఆ గేటు లోపల కూడా జరుగుతుందని చెప్పాను. మన దేశమంతటా సీసం లేని పెట్రోలు 2000 ఫిబ్రవరి నుంచి తప్పనిసరయింది. ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021లో మానుకుంది.

ఒంట్లోకి చేరిన సీసం కాల్షియం వేషంలో తిరుగుతుంది. రెండూ +2 అయాన్లే కావడం వల్ల శరీరం పోల్చుకోలేదు. రక్తంలో దాని అర్ధాయువు (సగానికి తగ్గడానికి పట్టే కాలం) నెల రోజులు, ఎముకలో దశాబ్దాలు. హీమోగ్లోబిన్ తయారీలో పాల్గొనే ఎంజైమును అడ్డుకుని రక్తహీనత తెస్తుంది, పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పెద్దలు మింగిన సీసంలో సుమారు పదో వంతు ఒంటబడితే పిల్లల్లో సగం వరకు ఒంటబడవచ్చు, ఇనుము, కాల్షియం తక్కువగా తినే పిల్లల్లో ఇంకా ఎక్కువ. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ తేలలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మెత్తదనం వల్ల, తేలికగా కరగడం వల్ల ఏ పనిముట్టూ లేకుండా పాత బ్యాటరీని పగలగొట్టి పెరట్లో సీసం కరిగించవచ్చు. ఆ సౌలభ్యమే చుట్టుపక్కల పిల్లల రక్తంలోకి దాన్ని చేరుస్తోంది. అందుకే పాత బ్యాటరీని దారిన పోయే పాత సామాన్ల వ్యాపారికి కాక, కొత్త బ్యాటరీ కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వాలి. 2001 నాటి నియమాల స్థానంలో వచ్చిన 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులదే.

ఆగస్టు చివర: వ్యర్థాలు, తరువాతి పని

డబ్బాలో పోగైన కడుగు నీళ్లు, పరీక్షల ద్రవాలు అన్నీ కలిపి సోడియం కార్బొనేటుతో ఆమ్లత్వం తగ్గించి, సోడియం సల్ఫేటు వేసి సీసాన్ని అవక్షేపంగా దించాం. పైన తేటపడిన నీటిలో పొటాషియం క్రోమేటు వేస్తే పసుపు అవక్షేపం దిగకుండా పోయేదాకా ఈ పని సాగింది. అవక్షేపం, వడపోత కాగితాలు, దూదులు, వాడిన చేతి తొడుగులు లేబులు అంటించిన సీసాలో ఉన్నాయి. వాటిని ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అనుమతి గల వారికి అప్పగించడానికి ప్రిన్సిపాల్ గారు లేఖ పెట్టారు.

ఇకముందు ఘటాన్ని ఫోర్ పద్ధతిలో ముద్ద పట్టించి చేద్దామని విద్యార్థులు అడిగారు. సామర్థ్యం ఎన్నో రెట్లు పెరిగే మాట నిజమే. కాని అందుకు సీసపు ఆక్సైడ్ పొడిని తూచి, కలిపి, రాయాలి. పిల్లలున్న ప్రయోగశాలలో ఆ పొడిని తెరవడానికి నేను ఒప్పుకోలేదు. దానికి బదులు ప్లాంటే చేసినట్టే పొడవైన పలకలను జాలీతో సహా చుట్టి, విస్తీర్ణం పెంచుతాం. అలాంటి ఘటాలు రెండు కట్టి వరుసగా కలిపితే నాలుగు వోల్టులు వస్తాయి, తెల్ల ఎల్‌ఈడీ వెలుగుతుంది. దానికి కావలసిన షీటు రాణీగంజ్ నుంచి వచ్చింది, కత్తిరించడం వచ్చే వారం మొదలవుతుంది.